టిక్కయ్య ఎవడు

జూన్ 11, 2007. సోమవారం

ఇవాళ్టి నుంచి ఆయనతో మాట్లాడను.

నిన్న మధ్యాహ్నం భోజనం అయ్యాక పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ, వీపు నా వైపు పెట్టి చెప్పాడు. మిల్లు ఉద్యోగం మానేశాడట. శుక్రవారమే మానేశాడట. పామాయిల్ మిల్లులో పదహారేళ్ళు టైమ్‌కీపర్‌గా చేసి ఒక్క రోజూ ఆలస్యంగా వెళ్ళని మనిషి, ఎరువుల డీలర్ వెంకటరామారావు గారు సత్తుపల్లి రోడ్డులో కొత్తగా పెడుతున్న బార్‌లో మేనేజర్‌గా చేరాడట.

"బార్‌లనా?" అన్నాను.

"మామూలు బార్ గాదు పుష్పా. టికీ బార్."

"టికీ అంటే ఏంది?"

"ఏమో. సారుకే తెల్సు."

నా క్లాసులో నలభై ఎనిమిది మంది పిల్లలు. సాయంత్రం వాళ్ళ నాన్నలకు ఈయన గ్లాసులు అందిస్తాడు, పొద్దున ఆ నాన్నలనే పిలిచి నేను ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టించుకోవాలి. ఆ మాటే అన్నాను. "గ్లాసులు నేనందియ్య, సర్వర్ సీతయ్య అందిస్తడు" అన్నాడు. అక్కడితో తేలిపోయింది. ఆ ఉద్యోగం మానేదాకా ఒక్క మాట లేదు.

ఎవరితోనూ చెప్పుకోకుండా ఉండడం నా వల్ల కాదు కాబట్టి ఈ డైరీ. ఎరువుల కొట్టు వాళ్ళు పోయినేడు ఇచ్చింది. వారాలు కలవవు, కొట్టేసి రాసుకోవాలి.

జూన్ 12

మాట్లాడలేదు.

జూన్ 13. బుధవారం

బడి తెరిచారు. మాట్లాడలేదు.

పప్పులో ఉప్పు తక్కువైందని ఆయన అత్తమ్మతో అన్నాడు. అత్తమ్మ నాతో అంది. తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తీసెయ్యలేం కదా అని నేను అత్తమ్మతో అన్నాను. అత్తమ్మకు ఎడమ చెవి వినబడదు. కుడి చెవి ఆమెకు నచ్చినంత వినబడుతుంది. వరండాలోకి వెళ్ళి కొడుకుతో, "తియ్యి, లే పొమ్మంటంది" అని చెప్పింది. ఆయన పళ్ళెం పట్టుకుని కాసేపు ఆలోచించి, వెళ్ళి మెట్ల మీద కూర్చుని తిన్నాడు. నేను సరిచెయ్యలేదు.

జూన్ 16. శనివారం

చొక్కా వచ్చింది. ఎర్ర గుడ్డ మీద అరచెయ్యంత పసుపు మందారాలు, మందారాల మధ్య చిలకలు. అది మేనేజర్ యూనిఫాం అట. పదహారేళ్ళూ తెల్ల చొక్కా, బూడిదరంగు ప్యాంటు వేసుకున్న మనిషి దాన్ని స్వయంగా ఉతికి వీధి వైపు తీగ మీద ఆరేశాడు.

ఎదురింటామె గోరి వచ్చి, "చీర మంచిగుంది టీచరమ్మా, మిగిలింది ఏది?" అని అడిగింది. ఎలుకలు కొట్టాయని చెప్పాను.

సాయంత్రం చొక్కా ఇస్త్రీ చేశాను. ముడతలతో వెళితే జనం అనేది నన్నే.

జూన్ 19. మంగళవారం

స్టాఫ్ రూమ్‌లో హిందీ శారద టీచర్ అడిగింది, "మీ సారు టిక్కా సెంటర్ పెట్టిండట గద, చికెనేనా, పనీర్ గూడ ఉంటదా?"

"టిక్కా కాదు, టికీ" అన్నాను.

"టికీ అంటే?"

అందరూ నా వైపు చూశారు. సోషల్ టీచర్‌ని నేనే. అదృష్టం కొద్దీ బెల్లు కొట్టారు.

జూన్ 24. ఆదివారం

ఆయన టిఫిన్ క్యారియర్ మరిచిపోయి వెళ్ళాడు. మా అత్తమ్మ ముఖం చూసి ఇవ్వడానికి వెళ్ళాను. పట్టు అంచు చీర చేతికి దొరికింది కాబట్టి కట్టుకున్నాను.

ఆటో దిగగానే ముందు వాసన తగిలింది. రావుగారు భద్రాచలం నుంచి గోదావరి జాలర్ల పాత వలలు కొనుక్కొచ్చి కప్పు నిండా వేలాడదీయించారు. సముద్రం ఉన్నట్టు అనిపించాలట. ఉతికించలేదు. కింద నాలుగు పిల్లులు బొమ్మల్లా కూర్చుని పైకే చూస్తున్నాయి. తాటాకు కప్పు, వెదురు కుర్చీలు, కొబ్బరి చిప్పల దీపాలు, ఒక ప్లాస్టిక్ చిలక. వెనకంతా రావుగారి పామాయిల్ తోట.

రావుగారే ఎదురొచ్చారు. వాళ్ళ నాన్నగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. పోయినేడు ఎరువుల డీలర్లను కంపెనీ వాళ్ళు బ్యాంకాక్ తీసుకెళితే, అక్కడ ఒక సాయంత్రం ఇలాంటి హోటల్లో కూర్చున్నారట.

"ఎవరూ నన్ను యూరియా అడగలేదమ్మా" అన్నారు. "ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఆ హాయి మనూళ్ళో అందరికీ తెలియాలని."

గుమ్మానికి రెండు పక్కలా రెండు వేప దుంగలు. నిలువెత్తు ముఖాలు. పెద్ద నోరు, వరసగా పళ్ళు, వెడల్పు ముక్కు. కళ్ళ దగ్గర మాత్రం నున్నటి చెక్క. చెక్కుతున్నది పగిడయ్య. దమ్మపేట వైపు గూడెం ఆయనది. మా బడి తలుపులు కూడా ఆయన చేసినవే.

"కండ్లు పెట్టలేదేం పగిడయ్యా?" అన్నాను.

"కండ్లు పెడితే చూస్తడు గద టీచరమ్మా. చూసెటోడు ఎవలో తెల్వకుంట ఎట్ల పెట్టాలె? ఎవల దేవుడు, ఏం పేరు, ఎటు దిక్కు మొకం చేస్తడు అని అడుగుతున్న. ఫోటో ఇచ్చిన్రు గని జవాబిస్తలేరు."

"అది బొమ్మయ్యా" అన్నారు రావుగారు. "బొమ్మకి పేరేంటి?"

"మీ తాత ఫోటో ఎవడో తీస్కపోయి వాని కల్లు దుకాణం ముంగట పెట్టుకుంటే, బొమ్మే అంటరా సారూ?"

రావుగారు వల సరిగ్గా కట్టారో లేదో చూడడానికి వెళ్ళిపోయారు.

ఆషాఢం వచ్చేలోపు ప్రారంభించాలి. జూలై పదకొండు ముహూర్తం. కళ్ళు లేని బొమ్మలతో మొదలుపెట్టడం అశుభమని రావుగారి పట్టు. పేరు తెలియకుండా ఉలి ముట్టనని పగిడయ్య పట్టు. ఈ ముహూర్తం దాటితే దీన్ని ఎరువుల గోడౌన్ చేసేస్తానని రావుగారు ఫోన్‌లో ఎవరితోనో అనడం విన్నాను. గోడౌన్‌కు మేనేజర్ అక్కర్లేదు.

నేను కోరుకున్నది అదే. ఆటోలో వస్తుంటే మనసు తేలికగా ఉంది.

ఎవరి దేవుడై ఉంటాడు?

జూన్ 25

ఇక అక్కడికి వెళ్ళను.

జూన్ 26

బడి లైబ్రరీ నుంచి పెద్ద అట్లాస్ ఇంటికి తెచ్చాను. తొమ్మిదో తరగతి పాఠం కోసం. ఆ పాఠంలో సముద్ర ద్వీపాలు లేవు. అయినా టీచర్‌కు నాలుగు విషయాలు ఎక్కువ తెలిసి ఉండాలి.

జూన్ 28. గురువారం

ఇది అత్తమ్మ చెప్పింది, కాబట్టి సగమే నమ్మాలి. బ్యాంకాక్‌లో సర్వర్లు గడ్డి లంగాలు కట్టుకున్నారని రావుగారు వరిగడ్డితో ఆరు లంగాలు కుట్టించారట. సీతయ్య కట్టుకోనన్నాడట. "మీ మేనేజర్‌ని ముందు కట్టుకోమనండి" అన్నాడట. మా ఆయన ప్యాంటు మీద కట్టుకుని చూపించాడట. దురద పుట్టి విప్పి, మిగతా వాటితో పాటు కంచె మీద వేస్తే పక్క తోట గేదెలు వచ్చి ఆరూ తినేశాయట.

నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

జూలై 1. ఆదివారం

సత్తుపల్లి వెళ్ళాను. నోటు పుస్తకాల పని ఉంది. బస్టాండ్ ఎదురుగా మెట్లెక్కితే ఇంటర్నెట్ సెంటర్, అందులోకి కూడా ఊరికే వెళ్ళాను.

రెండు గంటలు పట్టింది. ఆ కుర్రవాడు టికీ అని కొడితే ముందు రైలు టిక్కెట్లు వచ్చాయి. తర్వాత దొరికింది. పసిఫిక్ మహాసముద్రంలో చుక్కల్లాంటి దీవులు. అక్కడి వాళ్ళు తమ దేవతలనూ పూర్వీకులనూ చెక్కతో, రాతితో ఇలా చెక్కుకుంటారట. వాళ్ళలో కొందరి కథలో టికీ అంటే అందరికంటే ముందు పుట్టిన మొదటి మనిషి. ఎప్పుడో అమెరికాలో ఎవరో ఆ ముఖాలు తెచ్చి తాగే చోట అలంకారానికి పెట్టారు. అక్కడి నుంచి బ్యాంకాక్, బ్యాంకాక్ నుంచి అశ్వారావుపేట. దారిలో పేరు అడిగిన వాడు పగిడయ్య ఒక్కడే అయి ఉంటాడు.

అట్లాస్‌లో ఆ దీవుల కింద పెన్సిల్‌తో గీత గీశాను. తర్వాత చెరిపేశాను. లైబ్రరీ పుస్తకం.

జూలై 2. సోమవారం

తెలిసిన విషయం దాచుకోవడం టీచర్ లక్షణం కాదు. ఆయనకు సాయం చెయ్యడం వేరు, పగిడయ్య ప్రశ్నకు జవాబివ్వడం వేరు. "అత్తమ్మా, టికీ అంటే మొదటి మనిషి అట, నిన్న సత్తుపల్లి పోయి తెలుసుకున్న అని ఆయనకు చెప్పండి" అన్నాను. పాలు పొంగుతుంటే లోపలికి వెళ్ళాను.

అత్తమ్మ వరండాలో చాలాసేపు చెప్పింది. అంత చిన్న మాటకు అంతసేపు ఎందుకో.

జూలై 3

ఆయన అన్నం తినలేదు.

జూలై 4. బుధవారం

పొద్దునా తినలేదు. సాయంత్రం జుట్టుకు రంగు వేసుకున్నాడు. చెవికి కూడా అంటింది. అద్దం ముందు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, "అమ్మా, నేను లావైనానే?" అని అడిగాడు. అత్తమ్మ "అవ్" అంది.

నా మౌనం పని చేస్తున్నట్టుంది.

జూలై 5. గురువారం

సత్తుపల్లిలో ఎక్కడ అని ఆయన అత్తమ్మ ద్వారా అడిగించాడు. బస్టాండ్ ఎదురుగా, మెట్ల పైన అని చెప్పించాను. ఎంతసేపు అని అడిగించాడు. రెండు గంటలు అని చెప్పించాను. ఆయన మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే కింద పెట్టి, చెప్పులు వేసుకోకుండా బయటికి వెళ్ళాడు. ఓపెనింగ్ టెన్షన్ అనుకుంటా.

పగిడయ్యకు ఈ మాట చేరిందా లేదా? చేరితే ఈపాటికి కళ్ళు పెట్టి ఉండేవాడు.

జూలై 8. ఆదివారం

స్వయంగా వెళ్ళాను. కేవలం పగిడయ్య కోసం.

పగిడయ్య దుంగ పక్కన బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. కళ్ళు ఇంకా లేవు. నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి ఆయన వచ్చాడు. చిలకల చొక్కా వేళ్ళాడుతోంది, అయిదు రోజుల్లో అంత తగ్గిపోయాడు.

"టిక్కయ్య ఎవడు?" అన్నాడు.

నేను మాట్లాడకూడదు కదా. కనుబొమలెత్తి చూశాను.

"అమ్మ చెప్పింది. నీకు టిక్కయ్య అని మొదటి మనిషి ఒకడున్నడట. సత్తుపల్లిల బస్టాండ్ ఎదురుంగ, మెట్ల పైన ఉంటడట. పోయిన ఆదివారం రెండు గంటలు..." దగ్గాడు. "పదహారేళ్ళు నిన్నేమన్న అడిగిననా? ఈ ఒక్కటి చెప్పు. నేను బార్‌ల చేరినంక కలిసినవా, అంతకు ముంగటనుంచేనా?"

సీతయ్య పళ్ళేల దొంతర పట్టుకుని ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోయాడు. పగిడయ్య బీడీ ఆర్పాడు. పిల్లులు కూడా వల మీద నుంచి చూపు దించినట్టే అనిపించింది.

జుట్టు రంగు గుర్తొచ్చింది. పొట్ట పీల్చడం గుర్తొచ్చింది. ఈ మనిషి నా కోసం అయిదు రోజులు అన్నం మానేశాడు, నేనేమో అది బార్ దిగులనుకున్నాను. నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది, రెండూ పళ్ళ మధ్య నొక్కిపట్టి దుంగ మీద చెయ్యి వేశాను.

"ఈయనే" అన్నాను.

ఆయన దుంగ వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ దుంగ వైపు చూశాడు. దుంగకు ఇంకా కళ్ళు లేవు కాబట్టి అది ఎటూ చూడలేదు.

మిగతాదంతా పగిడయ్యకు చెప్పాను. దీవులు, సముద్రం, పూర్వీకులు, మొదటి మనిషి. పగిడయ్య చివరిదాకా తల వంచుకుని విన్నాడు.

"అందరికన్న మొదలు పుట్టినోడా?" అన్నాడు. "గట్లయితే ఇంకెవలో గాదు, తాతనే. నాకూ తాతనే, సారుకూ తాతనే. ఎటు దిక్కు ఆయన ఊరు?"

"తూర్పు. చాలా దూరం."

"మరి రోడ్డు దిక్కు నిలబెట్టిన్రేంది? తాత ఇంటికొస్తే మంచి జాగ చూసి కూసోబెడ్తం గని, తలుపుకాడ కాపలా పెడ్తమా?"

తూర్పంటే తోట వైపు. అటు తిప్పితే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు వీపులు కనబడతాయని రావుగారు గోల పెట్టారు. పగిడయ్య ఉలి సంచిలో వేసుకున్నాడు. రావుగారు క్యాలెండర్ వైపు చూసి సరేనన్నారు.

ఎనిమిది మంది పట్టి రెండు దుంగలనూ తోట అంచుకు మార్చి తూర్పుకు తిప్పారు. పగిడయ్య చేతులు కడుక్కుని, వాటి పాదాల దగ్గర నీళ్ళు పోసి, మనసులో ఏదో చెప్పుకుని పని మొదలుపెట్టాడు. ఒక్కో కన్నే తెరుచుకుంది. నాలుగో కన్ను అయ్యాక రావుగారు చెప్పులు విప్పేసి ఉండడం గమనించాను. ఎప్పుడు విప్పారో.

మా ఆయన చాటుగా చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. తర్వాత రెండు ప్లేట్ల అన్నం తిన్నాడని సీతయ్య చెప్పాడు.

జూలై 9

"ఈయనే" అన్నది దుంగ గురించి, దుంగ మీద చెయ్యి పెట్టి, బయటివాళ్ళ ముందు. అది మాట్లాడడం కిందికి రాదు. మౌనం అలాగే ఉంది.

అత్తమ్మను నిలదీశాను. "నువ్వు చెప్పిందే చెప్పిన, నాలుగు ముక్కలు కలిపిన గంతే" అంది.

జూలై 11. బుధవారం

బడి అయ్యాక అత్తమ్మను తీసుకుని వెళ్ళాను. ఆమె వెళ్ళాలంది.

జనం బాగానే వచ్చారు. బోర్డు రాసినవాడు టిక్కి అని రాశాడు, సగం మంది టిక్కా మసాలా ఎక్కడ అని అడిగారు. తోటల వాళ్ళు, లారీల వాళ్ళు హుషారుగా లోపలికి వచ్చి, వెనక వైపు తాతలను చూసి తగ్గిపోయారు. ఒకడు సిగరెట్ వెనక్కి దాచుకున్నాడు. ఇద్దరు కుర్చీలు తిప్పుకుని గోడకు ముఖం పెట్టి తాగారు. హీరాలాల్ అని లారీ డ్రైవర్ సీసా పట్టుకుని అరగంట తాత ముందు నిలబడి, మూత తీయకుండానే కౌంటర్‌లో ఇచ్చేసి, "పెద్దాయన చూస్తుండు, ఇయ్యాల వద్దు" అన్నాడు.

అత్తమ్మకు అనాస రసం తెచ్చారు. అంచుకు కాగితం గొడుగు గుచ్చి ఉంది. రెండు తాగి, గొడుగులు కొంగున ముడేసుకుంది.

మా ఆయన బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి నవ్వుతూ పలకరించాడు. ఒక ముసలాయన కర్ర పడితే వంగి తీసిచ్చాడు. ఏడుస్తున్న పసిపిల్లకు చొక్కా మీది చిలకలు లెక్కపెట్టి చూపించాడు, పదకొండు. మిల్లు గేటు దగ్గర పదహారేళ్ళు రిజిస్టర్‌లోకే చూసిన మనిషికి ఇంత మాట ఉందని నాకు తెలియదు. అన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో. నేను అడగలేదు కూడా, ఎప్పుడూ.

ఇది బార్‌ను ఒప్పుకోవడం కాదు.

జూలై 20. శుక్రవారం

తాగేవాళ్ళు తగ్గారు. కుటుంబాలు వస్తున్నాయి. తాతలకు ఎవరో తువ్వాళ్ళు కప్పారు. శారద టీచర్ ఇంటిల్లిపాదితో వెళ్ళొచ్చి, మీ సారు ఎంత మర్యాదస్తుడో అంది. రావుగారు రోజూ సాయంత్రం తూర్పు వైపు ఒక్కరే కుర్చీ వేసుకుని నిమ్మరసం తాగుతున్నారట. ఎవరైనా యూరియా అడిగితే వేలు పెదాల మీద పెట్టి తాతలను చూపిస్తున్నారట.

మాట్లాడలేదు. ఇవాళ కొంచెం కష్టమైంది.

జూలై 29. ఆదివారం

అత్తమ్మ గోరితో కలిసి సినిమాకు పోయింది. వంట చెయ్యాలనిపించలేదు. ఆటో ఎక్కాను.

వాన. ఎవరూ లేరు. రావుగారు కౌంటర్ దగ్గర పేపర్ చదువుతున్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. మా ఆయన మెనూ పట్టుకుని వచ్చి, చేతులు కట్టుకుని, అందరి దగ్గరా నిలబడినట్టే నిలబడ్డాడు.

"ఏం తీసుకుంటరు మేడం?"

మెనూలో నలభై రకాలు. తప్పులు అంతకంటే ఎక్కువ. బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి ఒకదాని మీద వేలు పెట్టాను.

"అది లేదు మేడం."

ఇంకోటి చూపించాను.

"అది శ్రావణంల మొదలుపెడ్తం."

ఇంకోటి.

"అదేందో నాకూ తెల్వది. సారు బ్యాంకాక్‌ల తిన్నరట."

పెన్ను మూత పెట్టేశాను. ఆయన కాస్త వంగాడు. చిలకల చొక్కా నుంచి ఇస్త్రీ వాసన వచ్చింది, నేను చేసిందే.

"నిజంగ ఏం కావాలె పుష్పా?" అన్నాడు మెల్లగా. "ఇక్కడ రోజుకు వందమందిని అడుగుతున్న. నిన్నే ఎన్నడూ అడుగలే."

వాన తాటాకు మీద గట్టిగా పడుతోంది. చాలాసేపు ఆలోచించాను. ఆలోచించానని రాస్తున్నాను గానీ, ఆలోచించలేదు.

"కూసోండి" అన్నాను.

ఆయన రావుగారి వైపు ఒకసారి చూసి, కుర్చీ అంచున, ఇంటర్వ్యూకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. పేపర్ వెనక నుంచి రావుగారు తల ఎత్తారు.

"ఏంటి వీరబాబూ, మేనేజర్ వెళ్ళి కస్టమర్ దగ్గర కూర్చుంటాడా?"

"కస్టమర్ అడిగిన ఐటమ్ సార్" అన్నాడు మా ఆయన. "మెనూల ఇదొక్కటే ఉన్నది."